కర్నూలు నుంచి కడపకు ముప్పై విషవాయు ముసుగులు

తెనాలి మొత్తం మీద విషవాయువు ముసుగులను టోకున కొన్న మొనగాడు ఎవడయ్యా అంటే నేనే. అందులో నాకు పోటీ లేదు. పాత సామాన్ల వేలంలో రెండు గోనె సంచులు, వాటిలో ముప్పై ముసుగులు. ఏ దేశపు సైన్యం వాడి పారేసిందో అమ్మేవాడికీ తెలియదు. అతను అయిదు వేలన్నాడు. నేను మూడు వేలన్నాను. అతను మారుమాట లేకుండా సంచులు నా వైపు తోశాడు. అవతలివాడు అంత తేలిగ్గా ఒప్పుకున్నాడంటే మునిగింది మనమేనని మా నాన్న కిరాణా కొట్టులో గల్లాపెట్టె పక్కన కూర్చోబెట్టి చెప్పిన మొదటి పాఠం. ఆ పాఠం నేను మరిచిపోలేదు. సంచులు ఆటోలో ఎక్కించాక గుర్తొచ్చింది, అంతే.

నల్ల రబ్బరు మొహం, రెండు గుండ్రటి గాజు కళ్లు, నోటి దగ్గర మరతో బిగించిన రేకు డబ్బా. పీల్చే గాలి ఆ డబ్బాలోంచి వడకట్టుకుని రావాలి. మా ఆవిడ ఒకదాన్ని రెండు వేళ్లతో ఎత్తి చూసింది.

“వీటిని ఎవరు కొంటారండీ?”

“దుమ్ము ఉన్నచోట కొంటారు.”

“దుమ్ము ఎక్కడుంది?”

“రాయలసీమలో,” అన్నాను. అప్పటికి నేను రాయలసీమలో అడుగు పెట్టి ఎరగను.

సరుకు పుట్టుపూర్వోత్తరాలు తెలియకుండా అమ్మకానికి బయలుదేరడం మా ఇంటా వంటా లేదు. అందుకని వారం రోజులు విషవాయువుల చరిత్ర చదివాను. కొనేవాడి దగ్గర నాలుగు ముక్కలు మాట్లాడటానికి చదివాను గానీ, జ్ఞానం కోసం కాదు. చదివినవాటిలో అమ్మకానికి పనికిరాని ముక్క ఒకటి ఉంది. దాన్ని చూడనట్టే పేజీ తిప్పాను. అది మైదుకూరులో నన్ను పట్టుకుంది.

కర్నూలు

కర్నూలులో మొదట కొన్నది ఉగ్గాని, బజ్జీ. నానబెట్టి పిండిన బొరుగులకు తాలింపు పెట్టి, పుట్నాల పొడి చల్లి, పక్కన రెండు మిరపకాయ బజ్జీలు పెట్టి ఇస్తారు. నలభై రూపాయలు. మా వైపు ఈ బొరుగులనే మరమరాలంటాం. అవి సాయంత్రం పూట పిల్లల చేతికిచ్చే కాలక్షేపం. ఇక్కడ పొద్దుటి టిఫిను అదే.

“ముప్పై అయిదు చేసుకోమ్మా,” అన్నాను అలవాటుగా.

బండి ఆవిడ నా ప్లేటులోంచి ఒక బజ్జీ తీసి పక్కన పెట్టింది. “ఇప్పుడు ముప్పై అయిదు.”

నలభైకే తిన్నాను. కడుపు చల్లగా, నోరు మంటగా అమ్మకానికి బయలుదేరాను.

ఒక కారం మిల్లు యజమాని ముసుగు తొడుక్కుని, ఫోన్‌లో ఫోటో తీయించుకుని, దాన్ని చూసి తనివితీరా నవ్వుకుని, ముసుగు తీసి నా చేతిలో పెట్టాడు. “దీన్ని చూస్తే నా పనోళ్లు పారిపోతారప్పా. వాళ్లు ముక్కుకు తువ్వాలు కట్టుకుంటారు. శానా ఏండ్లుగా అదే నడస్తాండాది.”

బండలు కోసి పాలిష్ పట్టే చోటికి వెళ్లాను. అక్కడా తువ్వాలే. నా సరుకుకు పోటీ ఎవరో అప్పటికి అర్థమైంది. అది ప్రతి భుజం మీదా ఉంది, ఉతికితే మళ్లీ కొత్తదవుతుంది.

వెనక్కి తిరిగి ఆ కారం మిల్లు ముందు నుంచి వెళుతుంటే యజమానికి జాలేసినట్టుంది, పిలిచాడు. “మైదుకూరులో రమణమ్మని ఒకామె ఉండాది. ఆమెదీ కారం మిల్లే. దగ్గుతో శానా అవస్థ పడతాండాది పాపం. ఇట్లాంటివి యాడన్నా దొరుకుతాయా అని అందర్నీ అడుగుతాండె. ఆడికి పో.”

దగ్గుతో అవస్థ పడే మనిషి ఉందని విని సంతోషించిన సంగతి ఇక్కడ దాచను. గిరాకీ అంటే మాకు అలాంటిదే.

నంద్యాల దారిలో

బస్సులో సంచులకు టికెట్ కొట్టాలని కండక్టరు, అందులో ఉన్నవి పాత బట్టలని నేను. మాట మాట పెరుగుతుండగా సంచి మూతి జారి రెండు గాజు కళ్లు బయటికి చూశాయి. కండక్టరు ఒక అడుగు వెనక్కి వేశాడు. టికెట్ మాత్రం కొట్టాడు. వెనక సీటులోంచి ఒక పెద్దాయన సంబరంగా లేచి వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

“ఏమప్పా, గ్యాసు ముసుగులే కదా? యాడ దొరికినాయి నీకు?”

ఆయన పేరు ఖాజా. రిటైరైన హెడ్ కానిస్టేబుల్. చాగలమర్రిలో కూతురింటికి వెళుతున్నాడు. ఉద్యోగంలో బాష్పవాయువు షెల్లు కొట్టిన మనిషి అని తెలిశాక నేను ఆయన్ని వదల్లేదు.

“ఏ ఊరో చెప్పను,” అని మొదలుపెట్టాడు. “ఉల్లిగడ్డ ధర పడిపోయి రైతులు రోడ్డు మీద కూర్చున్నారు. షెల్లు కొట్టమని ఆర్డరు. కొట్టినా. హవా చూసుకోలా. పొగ ఆ పక్కకు పోయినట్టే పోయి, తిరిగి మా మీదికే వచ్చె. వాళ్లు తువ్వాళ్లు తడుపుకుని మొగాన కప్పుకునిరి. మాకు కండ్లు కనపడవు, యాడికి పోవల్లో తెల్దు. ఆడ ఒక ముసలామె మజ్జిగ అమ్ముతాండె. మొగం కడుక్కుంటాం, నీళ్లియ్యి తల్లీ అంటే, ‘నీళ్లు లేవు, మజ్జిగుండాది, గ్లాసు ఇరవై’ అనె. ముందురోజు పదే!”

“గిరాకీ పెరిగింది కదండీ,” అన్నాను.

“అరె, నువ్వు ఆమె పార్టీనా!” అని నా తొడ మీద ఒకటి చరిచాడు.

గాలి తిరగబడటం పాత సంగతేనని నేను చదివింది చెప్పాను. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్లు క్లోరిన్ సిలిండర్లు పాతిపెట్టి, గాలి తమకు అనుకూలంగా తిరిగేదాకా రోజుల తరబడి కాచుకుని కూర్చున్నారు. తిరిగాక మూతలు తెరిచారు. ఆ తరువాత కొన్ని రోజులకే మన దేశపు సిపాయిలూ ఆ వాయువులో చిక్కుకున్నారు. వాళ్లకు ముసుగులు లేవు. తలపాగా గుడ్డ తడిపి ముక్కుకు కట్టుకున్నారట.

“అంటే ఆడ కూడా తువ్వాలే!” అన్నాడు ఖాజా.

అసలు క్లోరిన్ కన్నా ముందు ఆ యుద్ధంలోకి వచ్చింది కన్నీళ్లు తెప్పించే వాయువే. ఫ్రెంచి పోలీసుల కోసం చేసిన సరుకును సైనికులు పట్టుకెళ్లారు. యుద్ధం అయ్యాక అది మళ్లీ పోలీసుల దగ్గరికే చేరింది. తరువాత దేశాలన్నీ కూర్చుని విషవాయువులు యుద్ధంలో వాడకూడదని సంతకాలు చేశాయి. తెల్లదొరలకు అప్పుడో చిక్కొచ్చింది. యుద్ధంలో వద్దన్న గ్యాసును వలస దేశాల్లో జనం మీద వేస్తే చూడ్డానికి బాగుండదు కదా? అందుకని కాగితాల మీద గ్యాసు అనే మాట తీసేసి కన్నీటి పొగ అని రాయడం మొదలుపెట్టారు. ఇది చదివినప్పుడు నాకు మా బజారు గుర్తొచ్చింది. అమ్ముడుపోని పాత బియ్యానికి కొత్త సంచి కుట్టి కొత్త పేరు అచ్చు వేయించే విద్య మా దగ్గరే పుట్టిందని ఇన్నాళ్లూ గర్వపడ్డాను. దొరలు మమ్మల్ని ఎప్పుడో మించిపోయారు.

“ఇప్పుడున్న ఒప్పందం ఇంకా తమాషాగా ఉంటుందండీ,” అన్నాను. “బాష్పవాయువును యుద్ధంలో శత్రువు మీద వాడకూడదు. సొంత దేశంలో అల్లరి అణచడానికైతే వాడుకోవచ్చు.”

ఖాజా కిటికీలోంచి నల్లరేగడి చేల వైపు చూశాడు.

“అంటే సరిహద్దులో వేయకూడదు, సంతలో వేయచ్చు. అంతేనా?”

“అంతేనండీ.”

“ఇన్నేండ్లు సర్వీసు చేస్తి, ఈ మాట ఒక్కరూ చెప్పలేదు సూడు నాకు.”

దిగే ముందు ఆయన ఒక ముసుగు తీసి, డబ్బాను అటూ ఇటూ తిప్పాడు. “మాకిచ్చిన వాటికి తేదీ ఉండేది. ఇంతకాలమే పనిచేస్తాది అని. దీనికి యాడ ఉండాదప్పా?”

తుప్పు కింద ఏవో అక్షరాలున్నాయి. మనకు తెలియని లిపి. “ఉండే ఉంటుందండీ,” అన్నాను.

“నాకైతే తెల్దు. తెల్దంటే తెల్దనే చెప్తా,” అని చాగలమర్రిలో దిగిపోయాడు.

మైదుకూరు: మొదటి పొగ

రమణమ్మకు నలభై ఏళ్లుంటాయి. ఇద్దరు ఆడమనుషులను పెట్టుకుని కారం మిల్లు నడుపుతోంది. భర్త లారీ మీద పోతే పదిహేను రోజులకోసారి ఇల్లు చేరతాడు. ఆమె మాట మొదలుపెడితే సగంలో దగ్గు అందుకుంటుంది. దగ్గు అయ్యాక మాటను ఎక్కడ ఆపిందో అక్కడి నుంచే మొదలుపెడుతుంది, మధ్యలో ఏమీ జరగనట్టు.

“కడప డాక్టరు చెప్పినాడన్నా, ఆ దుమ్మన్నా పీల్చొద్దు, మిల్లన్నా మూసెయ్యి అని. మూస్తే తినేదేంది? తువ్వాలు కట్టుకుంటే ఆగల్లేదు. నీది ఎంత?”

“ఆరు వందలండీ.”

“అండీ అంటే తగ్గిస్తావనుకుంటి,” అంది. మిల్లులో ఉన్న ఇద్దరూ నవ్వారు. “ముందు చూపించు. మేము నాలిక మీద వేసుకోనిచ్చినాకే కారం అమ్ముతాం.”

ఆ రోజు మంగళవారం. మిల్లుకు దిష్టి తీసే రోజు. రమణమ్మ అత్త ఓబులమ్మ అప్పటికే గోదాములో కుంపటి పెట్టి, గుప్పెట్లో ఎండుమిరపకాయలు, ఉప్పు పట్టుకుని ఉంది. పరీక్షకు ఇంతకన్నా ఏం కావాలి? ముసుగు తొడుక్కుని గోదాములో నిలబడ్డాను. ఓబులమ్మ మిషనుకు మూడు చుట్లు తిప్పి, కోడలికి తిప్పి, “కొత్త మనిషి, నీకూ తీస్తా,” అని నా రబ్బరు మొహం చుట్టూ తిప్పి, అన్నీ నిప్పుల మీద పోసింది. రమణమ్మ, పనివాళ్లు బయటికి వెళ్లి తలుపులు మూశారు.

పొగ లేచింది. భయం భయంగా పీల్చాను. ఏమీ కాలేదు. గట్టిగా పీల్చాను. పాత రబ్బరు వాసన తప్ప ఘాటన్నదే లేదు. లోపల్లోపల నా మూడు వేల తెలివికి దండం పెట్టుకున్నాను.

బయటికి వచ్చేసరికి రమణమ్మ మొహం వెలిగిపోతోంది. అయినా బేరం వదల్లేదు. ఆరు వందలు నాలుగు వందలకు దిగింది, మూడు ముసుగులు ఖాయమయ్యాయి. ఆమె డబ్బు తీయడానికి పెట్టె దగ్గరికి వెళుతుంటే ఓబులమ్మ నా భుజం తట్టింది.

“ముసుగు గొప్పేం లేదు నాయనా. మిరపకాయలు మాడినా కోరు, ఘాటు రాలేదంటే నీకు శానా దిష్టి ఉండాది. ఎవురో నిన్ను బాగా చూసినారు.”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే ఒక సంగతి తట్టింది. గోదాములో నా పక్కనే నిలబడిన ఓబులమ్మకు ముసుగు లేదు. ఆమె కూడా దగ్గలేదు.

కుంపటి పక్కన పడిన మిరపకాయను తీసి చూశాను. ముదురు ఎరుపు, ఒళ్లంతా ముడతలు. బ్యాడిగి రకం. మా కొట్టులో దీన్ని రంగు కోసం అమ్మేవాళ్లం, కారం కోసం కాదు. గుంటూరు పక్కన పుట్టి పెరిగినవాణ్ణి. నాకు ప్రపంచంలో ఏదన్నా నిజంగా తెలుసంటే అది మిరపకాయ ఒక్కటే. నా పరీక్షలో నెగ్గింది ముసుగూ కాదు, దిష్టీ కాదు. చప్ప మిరపకాయ.

పెట్టె దగ్గర రమణమ్మ నోట్లు లెక్క పెడుతూ దగ్గుతోంది. లెక్క మధ్యలో తప్పి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది.

“డబ్బు ఆపండమ్మా,” అన్నాను. “ఘాటున్నవి, గుంటూరు సన్నాలు ఉన్నాయా?”

మైదుకూరు: రెండో పొగ

ఉన్నాయి. ఈసారి రమణమ్మను ఇంట్లోకి పంపేసి, మిగతా అందరినీ బయటికి వెళ్లమని, నేనొక్కణ్ణే ముసుగుతో లోపల కూర్చున్నాను. ఓబులమ్మ తలుపు సందులోంచి చెయ్యి పెట్టి గుప్పెడు సన్నాలు కుంపట్లో విసిరి పరుగెత్తింది.

ఒక ఊపిరి పీల్చాను. రెండో ఊపిరికి గొంతులో ఎవరో చీపురు పెట్టి ఊడ్చినట్టయింది. మూడో ఊపిరి లేదు. కళ్లద్దాల లోపల నీళ్లు నిండిపోయాయి. తలుపు ఏ గోడకుందో తెలియక మిరప బస్తాల మీద పడ్డాను. బయటపడ్డాక ముసుగు ఊడలాక్కుంటుంటే రబ్బరు పట్టీ తెగి చెంప మీద ఛెళ్లున కొట్టింది. జనాన్ని చెదరగొట్టడానికి ప్రభుత్వాలు ఎందుకంత ఖర్చు పెడతాయో ఆ క్షణంలో నాకు పూర్తిగా అర్థమైంది. నేను ఒక్కణ్ణే నలుగురి పెట్టున చెదిరిపోయాను.

ఓబులమ్మ గట్టు మీద కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. “దిష్టి పోయింది నాయనా! అంతా పోయింది!”

నీళ్లతో కళ్లు కడుక్కుని తలెత్తేసరికి రమణమ్మ ఎదురుగా ఉంది. ఆమె నవ్వడం లేదు.

“కొంచెమన్నా ఆపుతాది కదన్నా? తువ్వాలు కన్నా మేలే కదా. నూటయాభైకియ్యి.”

మామూలుగా అయితే ఈ మాటకు నా చెవులు నిక్కబొడుచుకుంటాయి. పనికిరాదని తెలిసిన సరుకును కొనేవాళ్లే అడిగి మరీ తీసుకుంటామంటే కాదనే దుకాణదారు ఎవరు? ఈలోగా ఓబులమ్మ ముసుగు డబ్బాను చెవి దగ్గర ఆడించింది. లోపల ఏదో కదిలింది. “ఇందులో ఏముండాది నాయనా?” అని అడిగింది. జవాబు కోసం ఆగకుండా, “మా ఇంటాయన పులివెందుల పక్క రాతినార గనుల్లో పనిచేసినాడు,” అంది. “ఆయన దగ్గు కూడా మొదట్లో ఇట్లే ఉండె. ఈ పిల్లకు అదే భయం.”

నేను పేజీ తిప్పేసిన ముక్క అదే. కొన్ని సైన్యాల పాత ముసుగు డబ్బాల్లో వడపోతకు రాతినార వాడారని చదివాను. ఆస్బెస్టాస్ అని ఇళ్ల కప్పులకు వేసే రేకుల్లో ఉండేదే. పొడిగా పీలిస్తే ఊపిరితిత్తుల్ని ఏళ్ల తరబడి తినేది.

“అందులో రాతినార ఉండొచ్చమ్మా,” అన్నాను. “ఉందో లేదో నాకు తెలియదు. దీన్ని నూటయాభైకి కాదు గదా, ఊరికే కూడా ఇవ్వను. ఆ డబ్బా కింద పెట్టండి.”

ఓబులమ్మ మెల్లగా కింద పెట్టింది. రమణమ్మ నన్ను ఎగాదిగా చూసింది.

“తెలిసీ ఏంటికి తెచ్చినావు?”

“లేదేమో అనుకున్నానమ్మా.”

“అనుకున్నావా, అనుకుందామనుకున్నావా?”

కన్నీళ్లు ఇంకా కారుతున్నాయి కాబట్టి చూడ్డానికి మాత్రం పశ్చాత్తాపంలా బాగానే ఉండి ఉంటుంది.

“పోనీలే, చెప్పినాడు కదా,” అంది ఓబులమ్మ. “కండ్లు మళ్లీ కడుక్కో. సంగటి చల్లారుతాది.”

రాగి సంగటి, చెనిక్కాయల ఊరిబిండి, అంటే మా వేరుశెనగ పచ్చడి. సంగటి ముద్ద మధ్యలో గుంట చేసి నెయ్యి పోసింది. మా వైపు అన్నం మెతుకు మెతుకు విడిగా ఉండాలంటాం. ఇక్కడ అంతా ఒకే ముద్ద, నమలకుండా మింగాలి. నేను నములుతుంటే అందరూ వింతగా చూశారు. మండిపోయిన గొంతుకు అంత హాయి మరొకటి లేదు. తింటూనే రమణమ్మకు మాటిచ్చాను. కడపలో అసలైన ముసుగు ఎక్కడ దొరుకుతుందో కనుక్కుని పంపుతానని. ఆమె నమ్మినట్టు కనిపించలేదు.

బయలుదేరే ముందు ఒక పొడుగాటి కట్టె తెచ్చి ఓబులమ్మ ఒక ముసుగును దాని కొసకు తగిలించి చూసింది. “ఆ డబ్బా పీకేసి దీన్ని నాకియ్యి. మిల్లు ముందర కడతా. దీన్ని చూస్తే దిష్టి పెట్టేటోళ్లు దడుచుకుంటారు.”

డబ్బా ఊడదీసి ఇచ్చాను. నోటి చోట గుండ్రటి రంధ్రం మిగిలింది. అరుస్తున్నట్టుంది. ఆ అరుపు చూస్తూ ఉండగా నా బుర్రలో గల్లాపెట్టె గంట మోగింది.

కడప

పొద్దున్నే కారం దోశ. ఎర్ర కారం మందంగా పూసి, పైన పప్పుల పొడి. ముందురోజు జరిగిన దాని తరువాత కారం జోలికి పోకూడదనుకున్నాను. రెండు తిన్నాను.

మంగంపేట ముగ్గురాయి గనులకు రక్షణ సామగ్రి అమ్మే దుకాణం ఒకటి దొరికింది. ముక్కూ నోరూ మూసే ముసుగులు, మార్చుకునే వడపోతలు, వాటి మీద తేదీలు, అన్నీ చదవగలిగే అక్షరాల్లో. ఒక్కోటి పదిహేడు వందలన్నాడు. నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. రెండు టీలు, ఒక అలక, గుమ్మం దాకా వెళ్లి వెనక్కి రావడం, అన్నీ అయ్యాక ఒక్కోటి పదమూడు వందల చొప్పున మూడు ఇచ్చాడు. నా కోసం ఎప్పుడూ అంత గట్టిగా బేరం చేయలేదు.

రమణమ్మకు ఫోన్ చేసి కొన్న ధరే చెప్పాను. అసలు ధరకు సరుకు ఇవ్వడం మా వంశంలో అదే మొదలు.

“అంతా కలిపి నూరు తగ్గించన్నా,” అంది.

తగ్గించాను.

ఆ మధ్యాహ్నం లాడ్జి బాల్కనీలో, ముక్కుకు తడి తువ్వాలు కట్టుకుని, మిగిలిన డబ్బాలన్నీ ఊడదీసి రెండు ప్లాస్టిక్ సంచుల్లో మూట కట్టాను. తువ్వాలు విలువ అప్పుడు ఒప్పుకోక తప్పలేదు. తరువాత ఖాళీ మొహాలను గుమ్మడికాయలు, దిష్టి బొమ్మలు అమ్మే కొట్టుకు తీసుకెళ్లాను. కొట్టు యజమాని ఒకదాన్ని మేకుకు తగిలించి, దూరం జరిగి చూశాడు.

“బో భయంకరంగా ఉండాదప్పా. కొత్తిండ్లు కట్టేటోళ్లు ఎగబడతారు. ఈ నోట్లో ఎర్ర గుడ్డతో నాలిక కుడితే సరి. ఇది ఏం రాచ్చసుడు?”

యుద్ధాలలో విషం నుంచి కాపాడటానికి చేసిందని చెప్పాను. చరిత్ర మొత్తం చెప్పబోయాను.

“అవన్నీ ఏంటికిలే. ఎనభైకిస్తావా?”

తొంభై దగ్గర తెగింది.

లెక్క

నెల తరువాత రమణమ్మ ఫోన్ చేసింది. మాట మొదలుపెట్టి చివరిదాకా ఒకే ఊపిరిలో చెప్పింది. దగ్గు పూర్తిగా పోలేదట, పడుకుంటే మాత్రం నిద్ర పడుతోందట. డాక్టరు మిల్లు మూయమనడం మానేశాడట. పనికొచ్చే ఆ ఇద్దరూ మొదట సిగ్గుపడి, ఇప్పుడు ముసుగు లేనిదే మిషను దగ్గరికి రావడం లేదట.

ఇక డబ్బాలు. చెత్త బండివాడు వద్దన్నాడు. పాత ఇనుము కొట్టువాడు నన్ను చూసి లోపలికి వెళ్లిపోయాడు. చివరికి ప్రమాదకర వ్యర్థాలు తీసుకెళ్లేవాళ్లను పట్టుకున్నాను. విషవాయువులు తయారుచేయడం కన్నా వాటిని నాశనం చేయడానికే దేశాలకు ఎక్కువ ఖర్చయిందని చదివి, వాళ్ల తెలివికి నవ్వుకున్నవాణ్ణి నేను.

ముసుగులు కొన్నది మూడు వేలు. ప్రయాణం, బస, తిండి, సంచుల టికెట్లతో సహా రెండు వేల తొమ్మిది వందలు. రమణమ్మ ముసుగులు మూడింటికి మూడు వేల తొమ్మిది వందలు. డబ్బాలు వదిలించుకోవడానికి నాలుగు వేలు, బేరం చేయకుండా ఇచ్చాను. వచ్చింది: దిష్టి బొమ్మలు ఇరవై ఎనిమిదికి రెండు వేల అయిదు వందల ఇరవై, రమణమ్మ నుంచి మూడు వేల ఎనిమిది వందలు. ఓబులమ్మకు ఒకటి ఊరికే ఇచ్చాను. ఒకటి మా కొట్టు ముందు వేలాడుతోంది.

నికర నష్టం ఏడు వేల నాలుగు వందల ఎనభై రూపాయలు. ఇది తెలిశాక నా మీద దిష్టి పెట్టేవాళ్లు ఎవరుంటారని మా ఆవిడ అడుగుతోంది. అయినా ఆ ముసుగును దింపనివ్వడం లేదు.